పరదేశపు బడిలో మన పిల్లలు

ధర్మవరమున మగ్గము ముందు కూర్చున్న ఒక తాతగారిని మనస్సులో ఊహించుకొందము. దుబాయి పట్టణమునుండి మనుమడు ఫోనులో పలుకరించును. "ఏం చదువుతాండావు నాయనా?" అని తాత అడుగును. "ఇయర్ సెవెన్, తాతా" అని పిల్లవాడు బదులు చెప్పును. మనుమడు ఏడవ తరగతికి వచ్చెనని తాత సంతోషించి ఇరుగుపొరుగు వారికి చెప్పుకొనును. నాలుగు దినములు గడచిన పిమ్మట, మాటల సందర్భమున, "వాడు మన లెక్కకు ఆరవ తరగతే నాన్నా" అని కొడుకు అనును. పిల్లవాడు పరీక్ష తప్పెనా, క్రింది తరగతికి దింపిరా అని ముసలాయనకు దిగులు పట్టుకొనును.

పిల్లవాడు తప్పలేదు, ఎవరును దింపలేదు. లెక్కపెట్టు పద్ధతిలో ఒక ఏడు తేడా ఉన్నది, అంతే. కాని ఈ చిన్న తికమక వెనుక పెద్ద సంగతి యొకటి దాగియున్నది. మన ఇంటి బిడ్డ చదువుచున్న బడి ఎట్టిదో మన ఇంటి పెద్దలకు తెలియదు. తెలియని బడిని గూర్చి భయమైనను కలుగును, భ్రమయైనను కలుగును. ఈ రెండింటిని తొలగించుటకే మా ఈ ప్రయత్నము.

హిందూపురము బెంగుళూరు నగరమునకు రమారమి నూరు కిలోమీటర్ల దూరమున ఉన్నది. ఇచ్చటి యువకులు బెంగుళూరున చదివి, అచ్చట ఉద్యోగము సంపాదించి, ఆ దారినే దుబాయికో, సింగపూరునకో తరలుట నేడు సామాన్యము. పెనుకొండకు మరియొక అనుభవము కలదు. 2019వ సంవత్సరమున సమీపమునందలి ఎర్రమంచి వద్ద కియా మోటారు కార్ల కర్మాగారము ఉత్పత్తి ఆరంభించిన నాటినుండి కొరియా దేశపు ఉద్యోగులు ఈ ప్రాంతమునకు వచ్చుచున్నారు. దేశము విడిచి వచ్చిన ఏ ఉద్యోగికైనను మొదట ఎదురగు ప్రశ్న ఒక్కటే: పిల్లల చదువు ఎక్కడ? కొరియానుండి వచ్చిన తండ్రికి పెనుకొండలో ఎదురైన ప్రశ్నయే పెనుకొండనుండి పోయిన తండ్రికి దుబాయిలో ఎదురగుచున్నది.

ఆ ప్రశ్నకు అందరును ఒకే సమాధానము చెప్పుకొనలేరు. గల్ఫ్ దేశములకు కూలి పనికి పోవువారిలో పలువురు కుటుంబమును వెంట తీసికొనిపోజాలరు. అందులకు తగినంత జీతము ఉండవలెనని ఆయా ప్రభుత్వముల నియమము. తీసికొనిపోగలవారిలోను అనేకులు అచ్చటి భారతీయ పాఠశాలలనే ఎన్నుకొందురు. ఫీజు తక్కువ, పుస్తకములు మన దేశపువే, తిరిగి వచ్చినప్పుడు చిక్కు ఉండదు. కాని దుబాయి ప్రైవేటు బడులలో బ్రిటిష్ పాఠ్యప్రణాళికను అనుసరించు పిల్లల సంఖ్యయే అన్నిటికంటె పెద్దది. భారతీయ ప్రణాళికది రెండవ స్థానము. ఒక దేశమునుండి మరియొక దేశమునకు బదిలీ కాదగిన ఉద్యోగులకు బ్రిటిష్ బడి అనుకూలము. దుబాయిలో ఆపిన పాఠమును సింగపూరులో అందుకొనవచ్చును.

ఇవి బ్రిటిష్ ప్రభుత్వము నడుపు బడులు కావని ముందుగా గ్రహింపవలెను. వ్యాపార సంస్థలో, ధర్మకర్తృ సంఘములో వీనిని నడుపుచుండును. స్థానిక ప్రభుత్వము అనుమతి నిచ్చి తనిఖీ చేయుచుండును. బోధించు ప్రణాళిక ఇంగ్లండుది. పెద్ద పరీక్షలు పెట్టునవి కేంబ్రిడ్జి మొదలగు బ్రిటిష్ పరీక్షా సంస్థలు.

కేంబ్రిడ్జి పరీక్ష మన దేశమునకు క్రొత్త కాదు. ఆ విశ్వవిద్యాలయము బడి పిల్లలకు పరీక్షలు జరుపుటకై 1858లో ఒక సంఘమును ఏర్పరచెను. ఆ పరీక్షలు ఓడలెక్కి బ్రిటిష్ సామ్రాజ్యమంతట వ్యాపించెను. మన దేశమున 'సీనియర్ కేంబ్రిడ్జి' చదివితినని గర్వముగా చెప్పుకొనిన తరమొకటి ఉండెను. స్వాతంత్ర్యానంతరము ఆ పరీక్షకు బదులు దేశీయ పరీక్ష ఉండవలెనను తలంపుతో 1958లో ఒక కౌన్సిలు ఏర్పడెను. నేడు ఐ.సి.ఎస్.ఇ. అని వ్యవహరించు పరీక్షను జరుపునది ఆ సంస్థయే.

ఇక తరగతుల లెక్క. 1988వ సంవత్సరపు విద్యా సంస్కరణ చట్టముతో ఇంగ్లండు దేశమునకంతటికిని ఒకే పాఠ్యప్రణాళిక ఏర్పడెను. బిడ్డ నాలుగేండ్లు నిండి 'రిసెప్షన్' తరగతిలో చేరును. అయిదేండ్లు నిండిన పిమ్మట 'ఇయర్ వన్'. అనగా మన పిల్లలు యు.కె.జి.లో ఉండు వయస్సునకు వారికి మొదటి సంవత్సరము వచ్చును. కావున 'ఇయర్' అను మాట ప్రక్కనున్న అంకెనుండి ఒకటి తీసివేసిన యెడల మన తరగతి తెలియును. ఏడులో ఒకటి పోయిన ఆరు. తాతగారి దిగులునకు మందు ఈ ఒక్క తీసివేతయే.

ఈ సంవత్సరములను ఘట్టములుగా విభజించినారు. మొదటి రెండు సంవత్సరములు ఒక ఘట్టము. మూడునుండి ఆరు వరకు రెండవది. ఏడునుండి తొమ్మిది వరకు మూడవది. పది, పదునొకండు నాల్గవది. ఆపైన పండ్రెండు, పదుమూడు సంవత్సరములు మన ఇంటర్మీడియెటునకు సమానము.

బడిలో ఏమి నేర్పుదురు? చిన్న తరగతులను చూచినచో మన పెద్దలకు ఆశ్చర్యము కలుగును. ఇసుక, నీరు, రంగులు, చెక్కముక్కలు! 'వేలకొలది ఫీజు కట్టి ఆటలాడించుచున్నారా?' అని అవ్వ అడిగిన తప్పు లేదు. ఆ ఆటలో లెక్క ఉన్నది. చిన్న గిన్నెతో పెద్ద గిన్నె నింపు బిడ్డ కొలతను చేతితో తెలిసికొనుచున్నది.

అక్షరములు నేర్పు తీరు వేరు. మన భాషలో 'క' అను అక్షరము పేరును అదియే, ధ్వనియు అదియే. గుణింతము వచ్చిన బిడ్డ తెలుగులో దేనినైనను కూడబలుకుకొని చదువగలదు. ఆంగ్లమున అట్లు కాదు. అక్షరములు ఇరువదియారు, ధ్వనులు నలువదికి పైబడియున్నవి. అందుచేత అక్షరముల పేర్లకంటె ముందు ధ్వనులను నేర్పి, వానిని కలిపి పదము పలికించుదురు. దీనిని 'ఫోనిక్స్' అందురు. మన గుణింతము ఎరిగినవారికి ఇందలి సూత్రము ఇట్టే బోధపడును.

లెక్కలలో నాల్గవ సంవత్సరము ముగియునప్పటికి పండ్రెండవ ఎక్కము వరకు రావలెనని నియమము. మన పెద్దలు ఇరువదవ ఎక్కము వరకు వల్లించినవారు. వారికి ఇది కొంచెముగా తోచును. అయితే అచ్చట జవాబుతో పాటు జవాబునకు వచ్చిన దారిని కూడ వ్రాసి చూపవలెను. చివరి అంకె తప్పినను దారి సరియైనదైనచో కొన్ని మార్కులు దక్కును. విజ్ఞాన శాస్త్రమున రెండు మొక్కలు పెంచి, ఒకదానిని వెలుతురులోను మరియొకదానిని చీకటిలోను ఉంచి, నీరు, మన్ను మాత్రము సమానముగా ఇత్తురు. ఒక్కదానినే మార్చినప్పుడు గదా మార్పునకు కారణము తెలియునది! ఈ వివేకము చిన్ననాడే అలవడుట మేలైన సంగతి.

చరిత్ర పాఠము మనలను ఆలోచింపజేయును. ఇంగ్లండునకు వచ్చిన రోమనులు, తరువాతి కాలపు ఎనిమిదవ హెన్రీ మొదలగు రాజులు పిల్లలకు పరిచయమగుదురు. ప్రాచీన నాగరికతలలో సింధులోయ నాగరికతను ఎన్నుకొను అవకాశమున్నది. లేపాక్షి గాని, పెనుకొండ గాని ఆ పుస్తకములలో ఉండవు. ఉండవలెనని కోరుటయు న్యాయము కాదు. కాని ఇంటిలో తండ్రి ఒక్క మాట చెప్పవచ్చును. ఎనిమిదవ హెన్రీ ఇంగ్లండున సింహాసనమెక్కిన 1509వ సంవత్సరముననే ఇచ్చట శ్రీకృష్ణదేవరాయలు రాజ్యమునకు వచ్చెను. 1565లో విజయనగరము పాడుపడిన పిమ్మట ఆ రాజ్యమునకు పెనుకొండ రాజధాని ఆయెను. 'తాతగారి ఊరి కొండమీది కోట అదే' అని చెప్పిన యెడల బడిలోని పాఠమునకు ఇంటి వాకిటినుండి ఒక త్రోవ ఏర్పడును.

పదునాలుగవ ఏట, అనగా పదవ సంవత్సరమున, చదువు తీరు మారును. 'ఐ.జి.సి.ఎస్.ఇ.' అను పరీక్షకు రెండేండ్ల చదువు ఆరంభమగును. కేంబ్రిడ్జి సంస్థ ఈ పరీక్షను 1988లో ప్రవేశపెట్టెను. ఆంగ్లము, గణితము మొదలగు కొన్ని విషయములు పెక్కు బడులలో తప్పనిసరి. తక్కినవి పిల్లలు ఎన్నుకొందురు. పండ్రెండు, పదుమూడు సంవత్సరములలో 'ఎ లెవెల్'. ఇది 1951లో వచ్చిన పాత పరీక్ష. సాధారణముగా మూడు విషయములే చదివి, వానినే లోతుగా చదువుదురు.

మన తల్లిదండ్రులు జాగ్రత్తపడవలసిన తావు ఇదియే. పదునారేండ్ల ప్రాయమున భౌతికశాస్త్రమును వదలివేసిన పిల్లవాడు రెండేండ్ల తరువాత మన దేశమున ఇంజనీరింగు చదువ గోరిన దారి మూసికొనియుండును. వైద్య విద్య కోరువారికి భౌతిక, రసాయన, జీవశాస్త్రములు మూడును కావలెను. ఎన్నుకొను స్వేచ్ఛ మంచిదే. కాని ఎన్నుకొనిన దాని ఫలము ఏ దేశమున అనుభవింపవలసియుండునో ముందు తెలిసికొని ఎన్నుకొనవలెను.

తిరిగి వచ్చు సమయమును గూర్చియు ఒక మాట. ఉద్యోగము పోవచ్చును, కంపెనీ మూతపడవచ్చును, ఇంటివద్ద పెద్దలకు జబ్బు చేయవచ్చును. పరదేశపు బ్రదుకు వీసా కాగితము మీద ఆధారపడిన బ్రదుకు. తొమ్మిదవ సంవత్సరము ముగించి వచ్చిన పిల్లవాడు మన తొమ్మిదవ తరగతిలో చేరవచ్చును. పదునొకండవ సంవత్సరమున పరీక్ష వ్రాసి వచ్చినవాడు ఇంటర్మీడియెటునకో, పదునొకండవ తరగతికో పోవచ్చును. నడుమ, అనగా పదవ సంవత్సరము ముగించి వచ్చినవానికి చిక్కు. అచ్చటి పరీక్ష పూర్తి కాలేదు. ఇచ్చట తొమ్మిదవ తరగతి చదువని వానిని నేరుగా పదవ తరగతిలో చేర్చుకొనుటకు బోర్డులు సాధారణముగా అంగీకరింపవు.

మే, జూను నెలలలో వ్రాసిన పరీక్షల ఫలితములు ఆగస్టు నడుమ వెలువడును. అప్పటికి మన కళాశాలలలో తరగతులు మొదలైయుండును, లేదా ప్రవేశములు సాగుచుండును. కావున చేరదలచిన కళాశాలను ముందుగనే సంప్రదించి, ఏ ఏ విషయములు, ఏ గ్రేడులు కావలెనో వ్రాతమూలకముగా తెలిసికొనుట క్షేమము. టిక్కెట్టు కొనిన తరువాత కాదు, కొనకముందే తెలిసికొనవలెను.

ఇక అన్నిటికంటె సున్నితమైన సంగతి, తెలుగు.

దుబాయి బడిలో ఆంగ్లము బోధనాభాష. అరబ్బీ అచ్చటి ప్రభుత్వ నియమము ననుసరించి కొన్ని తరగతుల వరకు తప్పనిసరి. మూడవ భాషగా ఫ్రెంచియో, స్పానిషో ఉండును. కేంబ్రిడ్జి ఐ.జి.సి.ఎస్.ఇ. భాషలలో హిందీ ఉన్నది. తెలుగునకు చోటు లేదు. సింగపూరు ప్రభుత్వ బడులలో తమిళము మాతృభాషగా బోధింపబడును. హిందీ, బెంగాలీ, పంజాబీ, గుజరాతీ, ఉర్దూలకును అవకాశమున్నది. ఆ జాబితాలో తెలుగు చేరలేదు. అచ్చటి తెలుగు పిల్లలు తమిళమో, హిందీయో చదువుకొనుచున్నారు.

ఇది ఆ బడులు చేసిన అపరాధము కాదు. బడి తన పని తాను చేయుచున్నది. ఇంటి పని ఇల్లు చేయవలెను. అందులకు సాక్ష్యము మారిషస్ దీవి. పందొమ్మిదవ శతాబ్దమున మన కోస్తా ప్రాంతమునుండి చెరకు తోటల కూలికై పోయిన తెలుగువారి సంతతి అచ్చట ఉన్నది. ఆ దేశము 1968 వరకు బ్రిటిష్ పాలనలో ఉండెను. అచ్చటి ఉన్నత పాఠశాల పరీక్షలకు నేటికిని కేంబ్రిడ్జితో సంబంధమున్నది. అయినను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో తెలుగు నేర్చుకొను వీలున్నది. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో పై చదువు వరకు తెలుగు బోధింతురు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగెను. చెరకు తోటల కూలివారి మనుమలు నిలుపుకొనిన భాషను విమానములలో పోయిన ఉద్యోగుల పిల్లలు పోగొట్టుకొందురా?

ఈ సందర్భమున మన ప్రాంతపు పాత సంగతి యొకటి జ్ఞాపకము చేసికొనదగియున్నది. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో రాజధాని అంతటను ఎన్ని బడులున్నవో లెక్క వ్రాయుడని కలెక్టరులను ఆజ్ఞాపించెను. ఆయన అంతకుముందు 1800నుండి 1807 వరకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా ఉండి ఈ సీమ నెరిగినవాడు. ఆనాడు అనంతపురము వేరు జిల్లా కాదు. 1882 వరకు ఈ ప్రాంతము బళ్లారి జిల్లాలో చేరియుండెను. బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823లో తన నివేదిక పంపెను. ఆయన తెలుగు వ్యాకరణము రచించిన పండితుడు. జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు ఆయన లెక్క తేల్చెను.

ఉదయము అందరికంటె ముందు బడికి వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురనియు, రెండవవానికి సున్న చుట్టుదురనియు, మూడవవానికి ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు దెబ్బలు, అట్లే వరుసగా పడుననియు ఆయన వివరించెను. పిల్లలు పాత కావ్యములను అర్థము తెలియకయే వల్లించుచున్నారని ఆక్షేపించెను. కాని ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దించు పొదుపును, ముందు నేర్చినవాడు వెనుక వచ్చినవానికి నేర్పు పద్ధతిని మెచ్చుకొని, ఇంగ్లండు దానిని అనుకరించుట తగినదేయని వ్రాసెను.

ఇంగ్లండు అనుకరించిన మాట నిజము. ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమమును 1789నుండి నడుపుచు, స్థానిక బడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి ఆ పద్ధతిని తన బడిలో ప్రవేశపెట్టెను. పిల్లలచేత పిల్లలకు పాఠము చెప్పించెను. 1797లో లండనున పుస్తకముగా ప్రకటించెను. 'మద్రాసు పద్ధతి' అను పేరుతో అది ఇంగ్లండు బడులలో వ్యాపించెను.

ఆనాడు ఒక ఆంగ్లేయుడు మన బడిని తనవారికి వివరించెను. మంచిని మెచ్చెను, లోపమును చెప్పెను. నేడు వారి బడిని మనవారికి వివరించు పని మనకు వచ్చినది. మనమును అట్లే చేయుదము. కారణము అడుగుట, దారి చూపి జవాబు చెప్పుట, పుస్తకమును ఇష్టముగా చదువుట ఆ బడి ఇచ్చు మేలు. తిరుగు దారిని చూచుకొనకపోవుట, భాషను బడికే వదలుట మనము చేయు పొరపాట్లు.

మరి ఇంటివారు ఏమి చేయవచ్చును? వారమున ఒక గంట తెలుగు వ్రాయుటకు కేటాయింపవచ్చును. ఆ దేశమున తెలుగు సంఘము నడుపు తరగతి ఉన్న పంపవచ్చును. సింగపూరు తెలుగు సమాజము 1975నుండి ఉన్నది. ఇట్టి సంఘములు మరికొన్ని దేశములలోను కలవు. వేసవి సెలవులను గూర్చియు ఆలోచింపవలెను. ఆ బడులకు జూలై, ఆగస్టు నెలలలో సెలవులు; మన బడులు జూనులోనే తెరచుచున్నవి. పరదేశపు పిల్లవాడు హిందూపురము వచ్చునప్పటికి మేనమామ పిల్లలు బడికి పోయియుందురు. పగలంతయు వానికి తోడు ఉండునది అవ్వ, తాత మాత్రమే. ఇది కొరతయని తలంపక అవకాశముగా గ్రహింపవచ్చును. సంతకు తీసికొనిపోయి దుకాణముల పలకలు చదివింపుడు. లేపాక్షి బసవన్నను చూపింపుడు. సాయంకాలము ఒక పుట వ్రాయింపుడు.

ధర్మవరపు తాతగారు మరొక పని చేయవచ్చును. ఫోను ఒక ప్రక్కన ఉంచి, నెలకొక ఉత్తరము పెద్ద అక్షరములతో తెలుగున వ్రాసి పంపవచ్చును. మొదటి ఉత్తరమును తండ్రి చదివి వినిపించును. రెండవ దానిని ఇద్దరును కలిసి కూడబలుకుకొందురు. ఏడాది గడచునప్పటికి పిల్లవాడు తానే చదువుకొని, తప్పులతోనైనను, తానే బదులు వ్రాయును. ఆ ఉత్తరములో 'ఇయర్ ఎయిట్‌కు వచ్చినాను తాతా' అని ఉండును. అప్పుడు తాతగారు దిగులు పడరు. ఎనిమిదిలో ఒకటి తీసివేసి, ఏడవ తరగతి అని ఇరుగుపొరుగు వారికి చెప్పి, ఉత్తరమును మగ్గము ప్రక్కన దాచుకొందురు.